డ్రూసిల్లా ముందు గది

టొలీడో
మార్చి 3, 2004

ఓర్ఫా అక్కకి,

కవరు మందంగా ఉంది కదా అని ఎవరో పోయారనుకుని ఏడుపు మొదలుపెట్టకు. ఇక్కడ నేనూ వాల్టరూ గుండ్రాళ్ళలా ఉన్నాం. లోపలున్న కాగితం మా ముందు గది కొలతలు.

మా సోఫా చచ్చింది. వాల్టర్ కూర్చునేచోట పెద్ద గుంట పడింది, అందులో దిగితే ఎవరైనా చెయ్యిచ్చి లాగాలి. ఆసుపత్రిలో పగలంతా ముసలాళ్ళని లేపి, ఇంటికొచ్చి మళ్ళీ మొగుణ్ణి లేపాలా? నావల్ల కాదు బాబూ. దుకాణాలన్నీ తిరిగాం. అట్టముక్కలకి గుడ్డ చుట్టి సోఫా అంటున్నారు. మన్రో బావ చేసిన కుర్చీల మధ్య పెరిగినదాన్ని, నాకవి ఆనతాయా? గది సామానంతా బావ దగ్గరే చేయించాలని నిశ్చయించుకున్నాం. సంఘం వెలివేసిన నాలాంటిదానితో మీరు వ్యాపారం చెయ్యకూడదు కాబట్టి ఆర్డరు వాల్టర్ పేరున ఇస్తున్నాం. ఆయన పుట్టుకతోనే బయటివాడు, ఆయన్నెవరూ వెలివెయ్యలేదు. బావ మనస్సాక్షికి ఢోకా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్నేళ్ళుగా నేనే మీ ఇంటికొస్తున్నాను. వెలిపడ్డదానితో ఒకే బల్ల మీద తినకూడదని మీరంతా పెద్ద బల్ల చుట్టూ కూర్చుంటే, నేను మూలనేసిన చిన్న బల్ల దగ్గర ఒక్కదాన్నే తిని పోతున్నాను. నువ్వు ఒక్కనాడూ నా గుమ్మం తొక్కలేదు. రమ్మంటే ఆవులంటావు, టమాటాలు సీసాల్లో పెట్టాలంటావు, నడుమంటావు. ఈ గది నీకోసమే చేయిస్తున్నాను. నువ్వొచ్చి అందులో కూర్చోవాలి, నాతో కలిసి తినాలి. ఏ కుర్చీ అయితే కూర్చుంటావో నువ్వే ఎంచు. అప్పుడిక వంకలుండవు.

నీ చెల్లెలు
డ్రూ

*

చార్మ్, ఒహాయో
మార్చి 19

డ్రూసిల్లాకి యేసు నామంలో వందనాలు.

నాలుగు రోజులుగా ఒకటే వాన. బగ్గీ చక్రాలు ఇరుసుదాకా బురదలో దిగుతున్నాయి. ఎర్రావు ఈనింది, కోడెదూడ. వచ్చే నెల సంఘం ఆరాధన జరిపే వంతు మా ఇంటిది, కనక గోడలు కడగాలి, కిటికీలు కడగాలి, మీ బావ పనిశాల నుంచి ఇంట్లోకి మోసే రంపపు పొట్టు ఊడ్చాలి. ఇన్నిట్లో నీకు సోఫా కావలసొచ్చింది.

నీ కొలతలు చూసి మీ బావా నేనూ ఒక సాయంత్రం కూర్చుని కాగితం మీద గది సర్దాం, ఆ బొమ్మ ఇందులో పెడుతున్నాను. మంచి గదే. గోడల వెంబడి ఆరు కుర్చీలు, కిటికీ కింద వీపున్న పొడుగు బల్ల, తలుపు పక్కన ఊగుడు కుర్చీ. మధ్యంతా ఖాళీ. ఏదీ ఇద్దరు మగాళ్ళు ఎత్తలేనంత బరువుండదు, పావుగంటలో గది ఖాళీ చేసెయ్యచ్చు. ఆరాధనకి ఇంటింటికీ బల్లలు మోసుకొచ్చే సంఘం బండి వస్తే ఆ గదిలో నలభైమంది సుఖంగా పడతారు, చంటిపిల్లల తల్లులు కాక. ఓక్ చాలు. చెర్రీ కర్ర గొప్పలకి పోయేవాళ్ళకి.

నేను రావడం గురించి ఇప్పుడేం చెప్పను. బాప్తిస్మం పుచ్చుకుని, సంఘం ముందు మోకరించి మాటిచ్చి, ఏడాది తిరక్కుండా నర్సు చదువంటూ బస్సెక్కింది ఎవరు, నేనా? చిన్న బల్ల ఎవరో నీమీద కక్షకొద్దీ వేసినట్టు రాస్తావేమిటి?

రంగు ఏది కావాలో వెంటనే రాయి. లేతదా, ముదురుదా?

నీ అక్క
ఓర్ఫా

*

టొలీడో
ఏప్రిల్ 6

అక్కా,

నలభైమందా? మా ఇంటికి నెలకోసారి వాల్టర్ తమ్ముడు వస్తాడు, వాడు కూడా గంట కూర్చుని పోతాడు. నా ఇంట్లో ఆరాధన ఎవరు జరుపుతారే తల్లీ? నేను వెలిపడి ఎన్నేళ్ళయిందో మర్చిపోయారా మొగుడూ పెళ్ళాలిద్దరూ?

నీ బొమ్మ వాల్టర్‌కి చూపించాను. చాలాసేపు చూసి, "మీ అక్కగారు చాలా మర్యాదగా గీశారు. కానీ ఇందులో మనం ఎవరితోనైనా మాట్లాడాలంటే కేకెయ్యాలేమో" అన్నాడు. ఆయనకి ఎవర్నీ నొప్పించడం చేతకాదు, నాకు చేతవును. అది ముందు గది కాదు, రైల్వే స్టేషను.

శ్రద్ధగా చదువు. ఒకటి, ముగ్గురు పట్టే మెత్తల సోఫా. రెండు, వాల్టర్‌కి వెనక్కి వాలే కుర్చీ, మీట లాగితే కాళ్ళు పైకి లేచేది. ఆయన మోకాలి నొప్పికి డాక్టరే చెప్పాడు. మూడు, నీకు నచ్చిన ఊగుడు కుర్చీ. నాలుగు, టీవీ పెట్టుకునే అలమారా, తలుపులతో. మీ ఇళ్ళల్లో టీవీ ఉండకూడదు గానీ, బయటివాళ్ళకి మీ పక్క పనిశాలలన్నిట్లో చేస్తారని తెలుసు, మా ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒకామె చేయించుకుంది, నేను చూశాను. అన్నీ చెర్రీలో. గొప్పే అనుకో. ముదురు రంగు.

ఎర్రావు క్షేమమేనా?

డ్రూ

*

చార్మ్
ఏప్రిల్ 27

డ్రూసిల్లాకి వందనాలు.

ఆరాధన బాగా జరిగింది. రొట్టె సరిపోయింది, కాఫీ సరిపోలేదు. మీ బావ నీ కోసం ఓక్ పలకలు అప్పుడే కోసి చిత్రిక పట్టేశాడు. ఇప్పుడు చెర్రీ అంటున్నావు. పోనీలే, ఆ ఓక్ ఎవరికో ఒకరికి పనికొస్తుంది. చెర్రీకి ముదురు రంగు అక్కర్లేదట, వెలుతురు తగిలి దానంతటదే ముదురుతుందట. ఓపిక పట్టమన్నాడు. ఎవరికి చెప్తున్నాడో పాపం ఆయనకి తెలీదు.

వాలే కుర్చీ చేస్తాడు. చెప్పులేసుకుని కాళ్ళు గాల్లోకి లేపి పడుకోవడం నాకు రోగిష్టి వేషంలా కనిపిస్తుంది. అయినా డాక్టరు చెప్పాక నేనెవర్ని.

టీవీ అలమారా మాత్రం చెయ్యడు.

ఓర్ఫా

*

టొలీడో
మే 4

అక్కా,

చెయ్యడా? మీ ఇళ్ళల్లో ఫోనుండకూడదు కదా, వాల్టర్ మీ వీధి చివర అందరికీ కలిపి ఉన్న ఫోను గుడిసెకి ఫోను చేసి, సందేశాల టేపులో చాలా మర్యాదగా అడిగాడు. దానికి బావ, "అందరికీ చేస్తాను. డ్రూకి చెయ్యను" అని తిరిగి మా టేపులో పెట్టాడు. నేనే విన్నాను. ముక్కూ మొహం తెలీని డాక్టరమ్మకి చేస్తారు, సొంత మరదలికి చెయ్యరు! వెలి అంటే ఇంతదాకా ఉంటుందని నాకు తెలీదు. పందులకి తొట్టి చేసిపెట్టమన్నా చేసేవాడే కదా.

అడిగినందుకు నాకు బుద్ధొచ్చింది. మొత్తం ఆపెయ్యమను.

డ్రూసిల్లా

*

చార్మ్
మే 11

ఒసేయ్ డ్రూ,

ఈ పొద్దున్నే నీ ఉత్తరం వచ్చింది. వెన్న చిలుకుతున్నదాన్ని వదిలేసి రాస్తున్నాను. అదంతా గట్టిపడి పాడైతే ఆ పాపం నీదే.

నీ తలకాయలో అంత చదువు ఎక్కించారే, అందులో కాస్త ఇంగితం ఎక్కించలేదా? మీ బావ అన్న మాట నువ్వు సగమే విన్నావు. ఆయన చెప్తుండగానే మీ టేపు అయిపోయుంటుంది, గుడిసెలో పక్కనే నిలబడి నేను మొత్తం విన్నాను కాబట్టి చెప్తున్నాను. ఆయన అన్నది ఇది. "ఆ డాక్టరమ్మ ఇంట్లో ఏముంటే నాకెందుకు, ఆమె ఆత్మకి నేను పూచీ కాదు. డ్రూ సంగతి అలా కాదు. అది మా పిల్ల. ఎప్పటికైనా తిరిగొస్తుందని రోజూ మోకాళ్ళ మీద అడుగుతున్నవాణ్ణి, నా చేతులతోనే దానికి ఆ పెట్టె కోసం గూడు కట్టమంటావా?" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట్లోంచి రావడం మా పెళ్ళిలో చేసిన ప్రమాణం తర్వాత ఇదే. పరాయిదానివైతే వారంలో చేసి పంపేవాడు. నువ్వు పరాయిదానివి కాదు గనకే చెయ్యడు. ఇది అర్థం కాకపోతే ఇక నేనేం చెయ్యలేను, వెళ్ళి పరాయిదానివైపో.

సామాను ఆపలేదు. ఊగుడు కుర్చీ అయిపోయింది. నేనే కూర్చుని చూశాను, వీపు పట్టెలు అయిదుకి బదులు ఏడు వెయ్యమన్నాను.

ఓర్ఫా

*

టొలీడో
జూన్ 2

అక్కా,

వెన్న సంగతి తెలీక వారం రోజులు మనసు బాగుండలేదు. బావకి చెప్పు, టీవీ పాత బల్ల మీదే ఉంటుంది. కోపం పోలేదు. సగం పోయింది. తిరిగొస్తానని మాత్రం ఎదురుచూడొద్దను. నా పని ఇక్కడ, నా మొగుడు ఇక్కడ. ఆయన మోకాళ్ళ మీద అరిగిపోతున్నాడని వింటే నాకేం సంతోషమా?

ఇంకో రెండు చేర్చాలి. సోఫా ముందు పెట్టుకునే బల్ల ఒకటి కాదు, రెండు కావాలి. అన్నం తినే ఎత్తు. రెండూ అచ్చం ఒకే ఎత్తు, ఒకే వెడల్పు, అంచులు తిన్నగా ఉండాలి, గుండ్రం తిప్పొద్దు. పక్కపక్కన పెడితే వెంట్రుక తేడా రాకూడదు.

డ్రూ

*

చార్మ్
జూన్ 14

డ్రూసిల్లాకి,

వందనాలు రాయబుద్ధి కావడం లేదు.

ఆ రెండు బల్లలెందుకో నాకు తెలీదనుకున్నావా? వెలిపడ్డ బిడ్డ పెళ్ళికో పురుటికో ఇంటికొస్తే, రెండు బల్లలు వేలెడు ఎడంతో వేసి, పైన ఒకే దుప్పటి పరుస్తారు. చూసేవాళ్ళకి ఒక బల్ల, దేవుడికి రెండు. తల్లులు ఏడ్చి ఏడ్చి కనిపెట్టిన ఏర్పాటు అది. దాన్ని తీసుకెళ్ళి నీ హాల్లో టీవీ ఎదురుగా పెట్టి, వచ్చినవాళ్ళందరికీ దుప్పటి ఎత్తి చూపిస్తావా? "చూడండి, మా పల్లెటూళ్ళో ఇలా చేస్తారు" అని నవ్విస్తావా? వాల్టర్ మంచివాడే అనుకున్నాను. ఇద్దరూ కలిసి బాగానే ఆడుకుంటున్నారు మాతో.

చెర్రీ అన్నావు, ఇచ్చాం. కాళ్ళు లేపే కుర్చీ అన్నావు, ఇచ్చాం. ఇది మాత్రం బావకి చెప్పను. చెప్పే నోరు నాకు లేదు.

ఓర్ఫా

*

టొలీడో
జూన్ 18

అక్కా,

నీతో వేగడం కంటే మా ఆసుపత్రిలో అరిచే తాతలతో వేగడం నయం. ఎవరికి చూపించాలే నేను? వాల్టర్‌కి ఆ రెండు బల్లలెందుకో ఇప్పటికీ తెలీదు. "ఒక్కటైతే తుడవడం తేలిక కదా" అంటున్నాడు.

అమ్మ పోయినప్పుడు భోజనాలు గుర్తున్నాయా? మూడొందలమంది, ఇల్లు పట్టలేదు, అందుకని నా బల్ల బట్టలుతికే కొట్లో వేశారు. బట్టలు పిండే మిషను పక్కన. నువ్వు కంచం తెచ్చి బల్ల మీద పెట్టి, నేను తీసుకునేదాకా కూడా నిలబడకుండా వెళ్ళిపోయావు. జనం ఎక్కువ, పనుంది, తెలుసు. కక్ష కాదనీ తెలుసు. అయినా కన్నతల్లిని మట్టి చేసిన రోజున, తోడబుట్టినదాని మొహం చూస్తూ తినలేకపోయాను. సబ్బు వాసనకి ఒక్క ముద్ద మింగుడు పడలేదు.

నీ మాట తప్పమని నేనెప్పుడూ అడగలేదు. అడగను కూడా. నువ్వు తప్పకుండానే నా ఎదురుగా కూర్చుని తినే దారి ఏముందా అని వెతికాను. వేలెడు ఎడం ఉంటే నీకు పాపం లేదు. బట్టల కొట్టుతో పోలిస్తే వేలెడు నాకు ఎక్కువేం కాదు. అందుకే రెండు బల్లలు. ఇప్పుడు అర్థమైందా, మొండిదానా?

డ్రూ

*

చార్మ్
జులై 20

డ్రూసిల్లాకి వందనాలు.

మొన్న వడగళ్ళు పడ్డాయి. మొక్కజొన్న సగం పోయింది, చిక్కుళ్ళు నిలబడ్డాయి.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. లేచి పనిశాలకి వెళ్ళి చెర్రీ పలకలు ఏరడం మొదలుపెట్టాడు. రెండు బల్లలూ ఒకే మానులోంచి కోశాడు, చారలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి సాగుతున్నట్టే ఉన్నాయి. బాగున్నాయి. చెప్పకూడదు గానీ, మా ఇంట్లో అంత మంచివి లేవు.

సెప్టెంబరు 15, బుధవారం. వ్యాను మాట్లాడాం. సామానుతోపాటు నేనూ వస్తాను. బావకి ఆ వారం పని తెమలదు. సాయంత్రం పాలవేళకి తిరిగొచ్చెయ్యాలి. కాబట్టి పొద్దున్నే వస్తాం, మర్యాదలేం చెయ్యొద్దు. తీపికి ఎండు ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చే 'పై' చేస్తే చెయ్యి, పంచదార మాత్రం తగ్గించు.

ఓర్ఫా

*

టొలీడో
సెప్టెంబరు 17

అక్కా,

నాకు ఒళ్ళు మండిపోతోంది. కళ్ళు తుడుచుకుంటూ రాస్తున్నాను, కోపంతోనే.

ఆర్నెల్లు! ఆర్నెల్లు ఉత్తరాల్లో జుట్టూ జుట్టూ పట్టుకున్నాం ఆ గది కోసం. ఏడు పట్టెల ఊగుడు కుర్చీ నీ నడుముకనే కదా చేయించావు? సోఫా మెత్తలు నేను మూడుసార్లు మార్పించాను. బల్లలు రెండూ వేలెడు ఎడంతో వేసి, ఇస్త్రీ చేసిన దుప్పటి పరిచి, కంచాలు పెట్టి, పువ్వులు కూడా పెట్టాను. నువ్వేమో వ్యాను దిగి, గది గుమ్మంలో నిలబడి, "ఊఁ, బానే కుదిరాయి" అని అటునుంచటే వంటింట్లోకి పోయావు! ఒక్కసారి, ఒక్కసారి ఆ కుర్చీలో నడుం వాల్చావా? వచ్చిన దగ్గర్నుంచి పోయేదాకా నా సింకు దగ్గర నిలబడి, నేను తోమినవి మళ్ళీ తోమావు. ముందు గదిలో వాల్టర్ ఒక్కడే కాళ్ళు లేపుకుని ఖాళీ కంచాల ఎదురుగా కూర్చున్నాడు పాపం. "మీ అక్కగారికి గది నచ్చలేదా?" అని రెండు రోజులుగా అడుగుతున్నాడు. ఏం చెప్పను?

ఇంకో సంగతి ఉంది. రాయాలా వద్దా అని నిన్నంతా ఆగాను. ఆపిల్ 'పై'లో పంచదార గురించి పోట్లాడుకుంటూ మనం వంటింటి బల్ల దగ్గర కూర్చుండిపోయాం. ఒక్కటే బల్ల. ఒకే పళ్ళెంలోంచి చెరోవైపు నుంచి తిన్నాం. వెలిపడ్డదాని చేతి నుంచి ఏదీ అందుకోకూడదు కదా, కాఫీ కప్పు నా చేతిలోంచే అందుకున్నావు. నువ్వు మర్చిపోయావని నాకు తెలుసు. గుర్తుచెయ్యాల్సింది. చేస్తే లేచిపోతావేమోనని నోరు మూసుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత దక్కిన పావుగంట, లేచిపొమ్మనడానికి నోరు రాలేదు. తప్పు నాది, నీది కాదు. ఎవరైనా అడిగితే పొరపాటున కూర్చున్నానని చెప్పు. పొరపాటుకి దేవుడు ఏమీ అనడు.

డ్రూ

*

చార్మ్
అక్టోబరు 26

ఒసేయ్ డ్రూ,

ఆలస్యమైంది. టమాటాలయ్యాయి, ద్రాక్షరసం అయింది, గడ్డి కొట్టు నింపడం అయింది. మనుషులు కూడా వచ్చిపోయారు, అది కింద రాస్తాను.

ముందు గది సంగతి. నువ్వు వంటింట్లో ఉంటే నేను ముందు గదిలో కూర్చుని ఎవరితో మాట్లాడాలి, వాల్టర్ పాదాలతోనా? నేనొచ్చింది సామాను చూడ్డానికనుకున్నావా? పైగా నీ గిన్నెలు జిడ్డోడుతున్నాయి, చూస్తూ ఎలా ఊరుకోను?

ఇక రెండోది. పొరపాటా? నాకు అరవై ఏళ్ళు రాబోతున్నాయి. బల్ల ఒకటో రెండో చూసుకోకుండా కూర్చునేదాన్నా నేను? గుమ్మంలో నిలబడగానే ఆ దుప్పటి చూశాను. ఇస్త్రీ మడతలు, పువ్వులు, మధ్యలో దుప్పటి కాస్త లోపలికి దిగి ఉండటం, అన్నీ చూశాను. నా చెల్లెలు సొంతింట్లో తనకి తనే ఎడం కొలుచుకుని కూర్చుంది. అది నాకు సహించలేదు. అక్కడ కూర్చుంటే నాకు ముద్ద దిగేది కాదు. అందుకే లోపలికి పోయాను. కుర్చీ నేనే లాక్కున్నాను. కప్పు కోసం చెయ్యి నేనే చాపాను. నువ్వు గుర్తుచేసినా లేచేదాన్ని కాదు.

ప్రభు భోజనానికి ముందు సంఘం కూడినప్పుడు, మనసులో ఏమైనా ఉంటే చెప్పమంటారు కదా. చెప్పాను. బిషప్పు, "తెలీక జరిగిందా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. మంచివాడు, దారి చూపిస్తున్నాడు. తెలిసే చేశానన్నాను. తర్వాత ఇద్దరు పెద్దలు ఇంటికొచ్చి, మళ్ళీ చెయ్యనని ఒక్క మాట అనమన్నారు. నియమం తప్పినందుకు బాధగానే ఉందన్నాను, అది నిజమే. మళ్ళీ చెయ్యనని మాత్రం అనలేకపోయాను. కాబట్టి మొన్న ప్రభు భోజనంలో అందరూ రొట్టె తీసుకుంటుంటే నేను తీసుకోలేదు. నా పెళ్ళయిన తర్వాత ఇదే మొదటిసారి. కష్టంగానే ఉంది డ్రూ. ఏడుపొచ్చింది. వసంతం దాకా ఆలోచించుకోమని గడువిచ్చారు.

నువ్వు దీనికి వగచి రాత్రికి రాత్రి బస్సెక్కి రాకు. నిన్ను తిట్టుకుంటూ లేను. రోజూ నిన్ను తిట్టే మాట వేరే.

ఆ రోజు ఆరాధన నుంచి మీ బావా నేనూ బగ్గీలో ఇంటికొచ్చాం. గుర్రాన్ని విప్పాక అడిగాడు, "దాని వంటింటి బల్ల ఎలా ఉంది?" అని. ఇనప కాళ్ళది, ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క పెట్టుకున్నారన్నాను. మంచు పడకముందే వెళ్ళొద్దాం, పనిముట్ల పెట్టె తెస్తానన్నాడు. "బాగుచేసి అక్కడే కూర్చుంటావా?" అన్నాను. "కూర్చోకపోతే సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

నవంబరు 10, బుధవారం వస్తున్నాం. పంచదార తగ్గించు.

నీ అక్క
ఓర్ఫా